ఒక్కసారే చెప్పే హెచ్చరిక

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే ముందు నాకు చిరాకు వస్తుంది. కంప్యూటర్ పని అంటే సరేనని ఊరుకుంటారు. అక్కడితో ఊరుకోకుండా, కంప్యూటర్లో ఏం చేస్తావని అడిగేవాళ్ళకి కెర్నెల్ అని చెప్పానా, ఇక నా పని అయిపోయినట్టే. మా అప్పకి ఎన్నోసార్లు చెప్పాను. మా వైపు అక్కని అప్ప అంటాం. ఎంత చెప్పినా ఎక్కక, చివరికి తనే ఒక మాటకి వచ్చింది. "మెషిను నోరు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు ముయ్యాలో నువ్వు సెప్తావు. అంతే కదేటి?" అంది. వేళాకోళానికే అంది గానీ అంతకంటే బాగా నేను కూడా చెప్పలేను.

యంత్రంలో అన్నిటికంటే అడుగున ఉండే ప్రోగ్రాం అది. చిప్పులతో, తీగలతో, సెన్సర్లతో నేరుగా మాట్లాడేది అదొక్కటే. తెర మీద మనకి కనిపించే అంకెలూ బొమ్మలూ అన్నీ అది కింద నుంచి అందించినవే. పని చేస్తూ చేస్తూ దానికి ఏదైనా తేడా కనిపిస్తే ఒక వరుస రాసి పెడుతుంది. సెన్సర్ని అడిగాను, పలకలేదు, మళ్ళీ అడిగితే పలికింది. ఇలాంటివి. పెద్ద ప్రమాదాలు కావు, చిన్న చిన్న నసుగుళ్ళు. వాటిలో ఏది పైకి చెప్పాలి, ఏది కడుపులో దాచుకోవాలి, చెప్తే ఎన్నిసార్లు చెప్పాలి అన్నది ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. మా దగ్గర ఆ కూర్చునేది నేను. ఇందులో కొట్టుకోవడానికి ఏముంటుందనుకుంటారు గానీ, దీని మీద నేను పడినన్ని గొడవలు మా ఇంట్లో పొలం గట్ల మీద కూడా పడలేదు.

మాది చిన్న కంపెనీ. ఆఫీసు విశాఖపట్నంలో ఉంది, నేను శ్రీకాకుళంలో ఒక మేడ మీద గదిలో కూర్చుని పని చేస్తాను. మేం తయారు చేసేది ఒకే ఒక్క వస్తువు, రైసు మిల్లుల్లో బాయిలర్ పక్కన గోడకి తగిలించే పెట్టె. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ధాన్యం ఉడకడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, ఆ బాయిలర్లో నీరు ఒక మట్టానికి దిగువకి పోకూడదు. పోతే ఏమవుతుందో అక్కడ పని చేసే ఎవరిని అడిగినా చెప్తారు, చెప్పి వెంటనే మాట మార్చేస్తారు. లోపల నీరెంత ఉందో మా పెట్టె సెన్సర్ని అడిగి అంకె చూపిస్తుంది. పెట్టెకి ఒక పసుపు దీపం ఉంటుంది. కెర్నెల్ హెచ్చరిక రాసినప్పుడల్లా ఆ దీపం వెలుగుతుంది. కింద మీట నొక్కితే ఆరుతుంది, మళ్ళీ హెచ్చరిక వస్తే మళ్ళీ వెలుగుతుంది.

మా పెట్టె నరసన్నపేట దగ్గర ఒక మిల్లుకి వెళ్ళిందంటే దానికి కారణం మా బావ, అప్ప భర్త. ఆ మిల్లులో బాయిలర్ చూసేది ఆయనే. మిల్లు యజమానికి ఇలాంటివంటే గిట్టదు. బాయిలర్ ముఖానికి నిలువుగా గాజు గొట్టం ఉంది కదా, లోపల నీరెంతుంటే అందులోనూ అంతే కనిపిస్తుంది కదా, మళ్ళీ ఈ పెట్టె దేనికని అడిగాడట. "మా మరదలు సేసింది బాబూ. దానికి నాను పూచీ," అన్నాడు బావ. ఆ పూచీలో నా మీద అభిమానం సగం, ఆ గాజు మీద విసుగు సగం. అక్కడి నీళ్ళు గట్టివి, గాజు లోపల మడ్డి కట్టి టీ గ్లాసులా తయారవుతుంది. కడగాలంటే ఆవిరి ముఖాన కొడుతుంది. ఇన్నేళ్ళుగా అది కడిగి కడిగి ఆయనకి ప్రాణం విసిగిపోయింది.

పెట్టె పెట్టిన మొదటి వారంలోనే ఫోన్ వచ్చింది.

"ఒసే మరదలా, నీ దీపం ఆరదేటే?"

"మీట నొక్కు బావా."

"నొక్కితే ఆరతాది. మోటారు ఏసేసరికి మల్లీ ఎలుగుతాది. నాను మీట నొక్కుతూ కూకుంటే పొయ్యిలో ఊక మీ బాబొచ్చి ఎడతాడేటి?"

కారణం నాకు తెలుసు. మిల్లులో పెద్ద మోటారు వేసినప్పుడు కరెంటు ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపులో సెన్సర్ ఒకసారి పలకదు. కెర్నెల్ మళ్ళీ అడుగుతుంది, పలుకుతుంది, కథ అయిపోతుంది. మళ్ళీ పలికేదాకా అంతకు ముందు వచ్చిన అంకెనే పైకి అందించి ఊరుకుంటుంది. అంకె ఉన్నట్టుండి మాయమై మళ్ళీ వస్తే చూసేవాళ్ళు కంగారు పడతారని మొదట్లోనే అలా పెట్టారు. పాత అంకె ఇస్తున్నాను సుమా అని ఒక హెచ్చరిక మాత్రం రాస్తుంది. మోటారు వేసిన ప్రతిసారీ రాయడం, దీపం వెలగడం. అలా చెప్పగా చెప్పగా ఆ మిల్లులో దీపం ఆరిందన్న రోజు లేకుండా పోయింది.

ఈ ఏడు సీజను మొదలుపెట్టిన రోజు బావ రమ్మంటే వెళ్ళాను. బాయిలర్ ముందు కొబ్బరికాయ కొట్టారు. బావ స్నానం చేసి, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, బాయిలర్ తలుపుకీ, పొయ్యికి గాలి కొట్టే బ్లోయరుకీ, ఊక తోసే గొట్టానికీ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ వచ్చాడు. మా పెట్టె దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగి, తిన్నగా ఆ పసుపు దీపం మీదే బొట్టు పెట్టాడు. అదేమిటి బావా అంటే, "ఎలుగుతున్న దీపానికి బొట్టెట్టకుండా ఎలగుంటామే," అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఫోటో తీసి మా టీమ్ లీడ్‌కి పంపించాను.

టీమ్ లీడ్ పెద్దమనిషి. గొంతు పెంచడు, అందుకే ఆయనతో గొడవపడితే నాకే ఆయాసం వస్తుంది. మర్నాడు అందరం ఫోన్‌లో కూర్చున్నప్పుడు ఆ ఫోటో అందరికీ చూపించాడు.

"నేను చాలాకాలంగా చెప్తున్నది ఇదేనండీ. దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటే అది హెచ్చరిక కాదు. వాళ్ళు దానికి పూజ చేస్తున్నారు. అందులో వాళ్ళ తప్పు లేదు."

"అయితే ఏమంటారు? చెప్పడం మానేద్దామా?"

"ఎవరూ ఏమీ చేయలేని సంగతి అరిచి చెప్పడం దేనికండీ? మోటారు వేశారు, సెన్సర్ ఒకసారి తడబడింది, తర్వాత సర్దుకుంది. మీ బావగారు దానికి ఏం చేయగలరు?"

నాకు ఒళ్ళు మండింది. మండింది గానీ ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. పైగా ఇంకో చిక్కు ఉంది. పెట్టెలో ఉండే చిన్న మెమరీ కార్డు మీద అన్నన్ని వరుసలు రాసి రాసి ఆ కార్డులు అరిగిపోతున్నాయి. కొన్ని మిల్లుల్లో పెట్టెలు అలా చచ్చి ఊరుకున్నాయి. హెచ్చరికల బరువుకి పెట్టె చచ్చిపోతే ఇక హెచ్చరించేదెవరు? వరసగా చాలాసార్లు పలకకపోతేనే చెప్పేలా పెడదామన్నాను. "చాలాసార్లంటే ఎన్నిసార్లు? ఏ మిల్లుకి ఎంత?" అన్నాడాయన. ఒక అంకె చెప్పాను. ఎందుకు అదే అన్నాడు. ఎందుకో నాకూ తెలియదు. ఆ రోజు ఫోన్ పెట్టేసి గదిలో కాసేపు నాలో నేనే తిట్టుకున్నాను, కింద వాటావాళ్ళు ఎవరితోనే ఆ గొడవ అని అడిగారు.

చివరికి అందరం ఒప్పుకున్నది ఇది. పెట్టె ఆన్ అయ్యాక, ఈ హెచ్చరిక మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం రాయాలి. ఆ తర్వాత ఎన్నిసార్లు జరిగినా నోరు మూసుకోవాలి. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ ఒకసారి. కెర్నెల్ పనిలో ఇది కొత్తేమీ కాదు, ఎక్కడెక్కడో పెద్ద పెద్దవాళ్ళు వాడే పద్ధతే.

దాన్ని మా గదిలోనే పెట్టి చూశాను. నా బల్ల మీద ఒక పెట్టె, దానికి తగిలించిన సెన్సర్, పక్కన ఒక బకెట్టులో నీళ్ళు. మా వీధిలో రోజూ మధ్యాహ్నం కరెంటు పోతుంది. పోయినప్పుడు పెట్టె ఆరిపోయేది, వచ్చినప్పుడు మళ్ళీ మొదలయ్యేది. మొదలైన కాసేపటికి ఏదో ఒక తడబాటు, దీపం వెలిగేది. అన్నం తిని చేయి కడుక్కుని వచ్చి మీట నొక్కేదాన్ని. రోజుకొక్కసారి, అడిగినట్టు, అన్నం వేళకి. విసిగించదు, మరిచిపోనివ్వదు. ఇంతకంటే మర్యాదైన హెచ్చరిక ఉండదనిపించింది. మిల్లుల్లోనూ అంతే, అక్కడా రోజూ కరెంటు పోవడమే. అందుకని ఒక్కసారి అన్నమాట మా అందరి బుర్రల్లో రోజుకొక్కసారి అయి కూర్చుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, ఎక్కడా రాసుకోలేదు. కరెంటు పోవడం మా లెక్కలో పొద్దు పొడవడం లాంటిది.

కొత్త ప్రోగ్రాం మిల్లులకి వెళ్ళింది. బావ నుంచి ఫోన్లు తగ్గాయి. రోజుకోసారి వెలుగుతోంది, నొక్కేస్తున్నాను, బాగుంది అన్నాడు. వెలిగినప్పుడు ఒకసారి గాజు కూడా చూడు బావా అన్నాను. సూస్తన్నానులే అన్నాడు.

తర్వాత ఒకరోజు పొద్దున్న, టీ తాగుతుంటే అప్ప ఫోన్ చేసింది. గొంతులో నవ్వు తెలుస్తూనే ఉంది.

"మీ బావ మా కుశీగున్నాడే."

"ఏటి సంగతి?"

"మిల్లుకి పెద్ద పెద్ద బేటరీలు ఏయించినారు. కరెంటు పోయినా నీ పెట్టె ఆరదంట ఇప్పుడు. ఆ పసుపు దీపం రావడం కూడా మానేసినాదంట. మా మరదలు పెట్టె కుదుటపడిపోనాది అని కనిపించినోలందరికీ సెప్తన్నాడు."

నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది.

"బేటరీలు ఎప్పుడు ఏసినారప్పా?"

"ఏమో, సాన్నాలే అయింది. ఏటే, అలగైపోనావు?"

ఏమీ లేదు, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. కరెంటు పోకపోతే పెట్టె ఆరదు. ఆరకపోతే మళ్ళీ మొదలవదు. మళ్ళీ మొదలవకపోతే ఆ హెచ్చరిక ఇక జన్మలో రాదు. బేటరీలు పెట్టిన రోజున ఒకసారి వెలిగి ఉంటుంది. బావ మీట నొక్కి ఉంటాడు. అప్పటినుంచి సెన్సర్ పలికినా, పలకకపోయినా, తీగ తెగి నేల మీద పడినా మా పెట్టె ఒక్క మాట అనదు. పాత అంకె చూపిస్తూ ప్రశాంతంగా ఉంటుంది. దాన్ని చూసి బావ ప్రశాంతంగా ఉంటాడు. టీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

బావకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మిల్లులో ఉన్నప్పుడు చొక్కా విప్పి మేకుకి తగిలిస్తాడు, ఫోన్ చొక్కా జేబులో ఉంటుంది, ఆ రొదలో ఎలాగూ వినపడదు. మళ్ళీ మళ్ళీ చేశాను. టీమ్ లీడ్‌కి చేసి సంగతి చెప్పాను. ఏ మిల్లు, ఎప్పటినుంచి అని అడిగాడు. తర్వాత, "రేపు ఎవరినైనా పంపిద్దాం," అన్నాడు.

"రేపా? అక్కడ పొయ్యి ముందు నిలబడింది మా బావండీ. రేపటిదాకా ఆయన నిలబడే ఉంటాడని మీరు పూచీ పడతారా?"

అలా అన్నందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. ఆయన కూడా ఏమీ అనుకోలేదు. "మీరు బయల్దేరండి. ఇంకా ఎవరెవరు బేటరీలు పెట్టుకున్నారో నేను ఒక్కొక్క మిల్లుకీ ఫోన్ చేస్తాను," అన్నాడు. ఆయన గొంతు కూడా మారిపోయింది.

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట ఎంత దూరమని. ఆ రోజు మాత్రం ఆ బస్సు ప్రతి మనిషికీ ఆగింది. కోతలైపోయిన రోజులు, ధాన్యం బస్తాల ట్రాక్టర్లు హైవే పక్కన బారులు తీరి ఉన్నాయి. నా పక్కన కూర్చున్నావిడ ఎక్కడికమ్మా అని అడిగితే సరిగా జవాబు కూడా చెప్పలేదు. ఎవరి మీద పడితే వాళ్ళ మీద కోపం వచ్చింది. టీమ్ లీడ్ మీద, బేటరీలు కొన్న యజమాని మీద, ఫోన్ ఎత్తని బావ మీద. అందరికంటే ఎక్కువగా నా గదిలో మధ్యాహ్నం పూట పోయే కరెంటు మీద. అది పోతూ ఉండబట్టే మాకు ఏమీ కనిపించలేదు. కరెంటు పోతోందని జనం తిట్టుకుంటారు, పోవడం మానేసినందుకు ఏడుస్తూ బస్సులో వెళ్తున్నదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

దిగి ఆటో పట్టుకుని మిల్లుకి వెళ్ళేసరికి బావ బాయిలర్ ఎదుట స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కాళ్ళు బార్లా చాపుకుని, తువ్వాలు తలకి చుట్టుకుని, హాయిగా ఉన్నాడు. ఆయన్ని అలా చూడగానే నా కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి.

"ఏటే, సెప్పాపెట్టకుండా? అప్ప కాడికెల్లావా?"

"నీళ్ళెంతున్నాయి బావా?"

ఆయన మురిసిపోతూ పెట్టె వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "నువ్వే సూడు. ముప్పాతిక. పొద్దున్నుంచి అలగే నిలబడిపోనాయి. ఇంతకు ముందు కిందికీ మీదికీ ఊగిసలాడేది కాదేటి, ఇప్పుడు సూడు ఎంత నిదానంగా ఉన్నాదో."

ఉడుకుతున్న బాయిలర్లో నీరు నిలబడదు. ఆవిరి వెళ్తుంటే తగ్గుతుంది, పంపు వేస్తే పెరుగుతుంది. కదలని అంకె ఉందంటే అది నీటి అంకె కాదు.

"పంపు ఎప్పుడేసినావు?"

"ఇందాకా కాసేపు ఏసినాను. ఎక్కువెందుకు, ముప్పాతికుంది కదా."

"గాజు కడుగు బావా. ఒకసారి గాజు సూపించు నాకు."

"నీ పెట్టుండగా గాజెందుకే?"

"నా పెట్టె అబద్దం సెప్తన్నాది. లే. కడుగు."

అరిచాను. ఊక మోసేవాళ్ళు పని ఆపి మా వైపు చూశారు. బావ ముఖం మాడిపోయింది. నా మాట నమ్మి లేవలేదు, నలుగురి ముందు మరదలు అరిచిందని లేచాడు. గాజు గొట్టం గోధుమరంగు తిరిగి లోపల ఏముందో కనపడకుండా ఉంది. తువ్వాలు ముఖానికి కట్టుకుని, కింది కుళాయి తిప్పి ఆవిరితో లోపల మడ్డి వదిలించాడు. మళ్ళీ కట్టేసి నీరు పైకి ఎక్కడానికి వదిలాడు. మేమిద్దరం చూస్తున్నాం. నీరు గొట్టం అడుగున ఉన్న బిరడా మీదుగా వేలెడు ఎత్తు లేచింది. అక్కడే ఆగిపోయింది. మా తలల పక్కన గోడ మీద పెట్టె ముప్పాతిక అనే చూపిస్తోంది.

బావ పరిగెత్తి బ్లోయరు ఆపాడు, ఊక తోసేది ఆపాడు. "నాను సెప్పేదాకా ఇటు రాకు," అని నన్ను చెయ్యి పెట్టి వెనక్కి నెట్టాడు. పొయ్యి మంట తగ్గేదాకా ఆగి, పంపు వేసి, గాజు వైపే చూస్తూ నిలబడ్డాడు. నీరు కనిపిస్తోంది కాబట్టి పంపు వేయగలిగాడు. ఆ కాస్త కూడా కనిపించకపోయి ఉంటే ఎర్రగా కాలిన ఇనుము మీద చల్లటి నీళ్ళు పోయకూడదు, దూరంగా పోవడమే. నీరు కొంచెం కొంచెంగా పైకి వస్తుంటే ఆయన భుజాలు కిందికి దిగడం వెనక నుంచి చూశాను. నాకు అంత భయం అంతకు ముందు ఎప్పుడూ వేయలేదు. ప్రమాదం దాటిపోయాక వేసిన భయం అది, దానికి ఏం చేయాలో తెలియలేదు.

ఆవిరి పడిపోయేసరికి యజమాని వచ్చాడు, ఎవరాపమన్నారని గట్టిగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు.

"నానే ఆపినాను బాబూ. గాజు మడ్డెట్టీసినాది, కడుగుదామని."

పెట్టె మాట ఎత్తలేదు. పూచీ పడ్డ మనిషి కదా. యజమాని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నేను ల్యాప్‌టాప్ తగిలించి లోపల రాసి ఉన్నవి చూశాను. బేటరీలు పెట్టిన రోజున ఒకే ఒక్క హెచ్చరిక ఉంది, సెన్సర్ పలకలేదు, పాత అంకె ఇస్తున్నానని. ఆ తర్వాత ఏమీ లేదు. మేం చెప్పమన్నట్టే చేసింది, ఒక్కసారి చెప్పి ఊరుకుంది. సెన్సర్ తీగని ఎవరో ఆవిరి గొట్టానికి ఆనించి పురికొసతో కట్టారు, పైతొడుగు కాలి నల్లబడి ఉంది. వేలితో కదిపితే పలుకుతోంది, వదిలితే మూగబోతోంది. అలా ఎన్నాళ్ళ నుంచి పలుకుతూ మూగబోతూ ఉందో, ఈ పొద్దున్న ఎప్పుడు పూర్తిగా మూగబోయిందో ఇక ఎవరూ చెప్పలేరు. నీరు తగ్గితే కూయాల్సిన పాత విజిలు ఎప్పుడో పాడైందట. పెట్టె ఉంది కదా అని బాగు చేయించలేదట.

తీగ మార్చాను. పెట్టెని ఒకసారి ఆపి మళ్ళీ వేశాను. దీపం చుట్టూ సీజను మొదట్లో పెట్టిన కుంకుమ గట్టిపడి ఇంకా అలాగే ఉంది.

బయల్దేరబోతుంటే బావ గేటు దాకా వచ్చాడు. పొద్దుటి హుషారు ఏమీ లేదు.

"అప్పకి సెప్పకు. బెంగెట్టుకుంటాది."

"ఇకనుంచి రోజూ గాజు కడుగుతావా?"

"కడుగుతానే తల్లీ. నువ్వు మాత్రం సెప్పకు."

సరే అన్నాను.

ఆ మర్నాటి నుంచి మా ఆఫీసులో మళ్ళీ అదే గొడవ, ఈసారి ఎవరికీ గొంతు పెంచే ఓపిక లేదు. బేటరీలు పెట్టుకున్న మిల్లులు ఇంకా ఉన్నాయని లీడ్ ఫోన్ల మీద తేల్చాడు. హెచ్చరిక ఎన్నిసార్లు చెప్పాలని ఇన్నాళ్ళూ తన్నుకున్నాం గానీ, పాత అంకెని కొత్త అంకెలా చూపించడమే అసలు తప్పని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. పైన అబద్ధం చెప్పి, అది అబద్ధమని కింద గొణగమన్నాం. గొణుగుడు ఎక్కువైందని నోరు మూశాం. సెన్సర్ పలకకపోతే అంకె తీసేసి గీతలు చూపించాలన్నాను. "మోటారు వేసినప్పుడల్లా గీతలొస్తాయండీ, గోల పెడతారు," అన్నాడు లీడ్. పెట్టనివ్వండి అన్నాను. ఆయన కాదనలేదు. క్షణంలో పోయే తడబాటుకి గీతలు రాకుండా కాస్త ఓర్చుకునేలా పెట్టాం. ఎంతసేపు ఓర్చుకోవాలన్నది మాత్రం ఇప్పటికీ నాకు నమ్మకంగా తెలియదు. ఒక అంకె పెట్టాం.

తర్వాతి ఆదివారం అప్ప భోజనానికి పిలిచింది. చేపల పులుసు, అరటికాయ వేపుడు. బావ నా ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పటిలా వేళాకోళం చేయకుండా తల వంచుకుని తింటున్నాడు. అప్ప పులుసు వడ్డిస్తూ తన మానాన తను మాట్లాడుతోంది.

"నిజం సెప్పాలంటే ఆ పెట్టె ఎట్టిన కాడ్నుంచీ నాకు మీ బావ గురించి బెంగ లేదే. అంతకు ముందు మిల్లెల్తే మల్లీ గుమ్మంలో సెప్పులు ఇప్పేదాకా పేనం పేనంలో ఉండీది కాదు. ఇప్పుడు మా సెల్లి సేసింది కావలుంది, ఏటవుద్దిలే అని నిద్దరోతన్నాను."

బావ తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. నిజంగా ఆలోచిస్తే అప్ప ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. తీగ మార్చేశాం, ప్రోగ్రాం మార్చేశాం, బావ గాజు కడుగుతున్నాడు. సర్దుకుపోయిన సంగతి. ఎవరూ ఏమీ చేయలేని సంగతి అరిచి చెప్పడం దేనికని లీడ్ అన్నది ఇదే. నోటి దాకా తెచ్చిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాను.

"ఆ పెట్టె తప్పు సూపించింది అప్పా," అన్నాను.

బావ, "ఒసే," అన్నాడు నెమ్మదిగా. నేను ఆగలేదు. అంతా చెప్పాను. వేలెడు నీరు దాకా చెప్పాను. అప్ప గరిట గిన్నెలో పెట్టేసి పీట మీద కూర్చుంది.

"ఎప్పుడు?"

"నువ్వు బేటరీల గురించి ఫోన్ సేసిన రోజే."

కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత, "ఆ రోజు నాను నవ్వుతా సెప్పినాను కదే," అంది. "మంచి కబురు సెప్తన్నాననుకున్నాను."

"ఇప్పుడేటీ అవలేదు కదే. అన్నం సల్లారిపోతంది," అన్నాడు బావ.

"నువ్వూరుకో." ఆయన వైపు చూడనైనా చూడలేదు. నన్నే చూస్తోంది. "ఇద్దరూ కలిసి ఇంకేటి దాసినారు? సెప్పు. ఇంకేటున్నాది నాకు తెలవనిది?"

ఇంకేమీ లేదన్నాను. నిజంగానే ఇంకేమీ లేదు. అప్ప నమ్మలేదు. ఆమె నమ్మలేదని నాకు తెలిసింది, నేను నమ్మించడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇంకా ఏమీ లేనప్పుడు కూడా, అన్నీ దాచినప్పుడు కూడా మనిషి చెప్పేది ఆ ఒక్క మాటే.

ఇప్పుడు బావ రోజూ గాజు కడుగుతాడు. పెట్టెలో ఎప్పుడైనా గీతలు వస్తే నాకు ఫోన్ చేసి మా బాబుని కూడా కలిపి తిడతాడు, వింటుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. అప్ప రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది, మా వీధిలో కరెంటు పోయే వేళకి. మిల్లు సంగతి అడుగుతుంది. అంతా బాగానే ఉందప్పా అంటాను.

"నిజంగా?" అంటుంది.